నొప్పి గురించి కొత్తగా తెలిసిన సంగతులు



ఆసుపత్రి ఓ.పి. విభాగంలో ఒక పూట కూర్చుంటే మాటిమాటికీ వినబడే మాట "నొప్పి". మందుల షాపులో చీటీ లేకుండా అడిగి కొనుక్కునే మాత్రలలో కూడా నొప్పి మాత్రలది పెద్ద వాటా. అయినా నొప్పి ఎలా పుడుతుంది, ఏ మందు దేనికి పనిచేస్తుంది, దేనికి పనిచేయదు అని అడిగేవారు తక్కువ. గడచిన ముప్పై సంవత్సరాలలో ఈ విషయమై వైద్య పరిశోధకులు చాలా సంగతులు కనుగొన్నారు. కొన్ని మన పాత నమ్మకాలకు విరుద్ధంగా ఉంటాయి. ఇంట్లో ఎవరైనా నొప్పితో బాధపడుతుంటే ఈ పాఠం చదివి వారికి కూడా చెప్పండి.

డాక్టరుకు ఎలా చెప్పాలి?

నొప్పిని కొలిచే యంత్రం ఇంతవరకు లేదు. రక్త పరీక్షలో అది కనబడదు, ఎక్స్‌రేలో కనబడదు. రోగి చెప్పే మాటే ఆధారం. అదృష్టవశాత్తు మన తెలుగులో దీనికి మాటలు కొదవ లేదు. పంటికి పోటు, పుండుకు సలుపు, జ్వరానికి ఒళ్లు తీపులు, నరానికి లాగుడు, అరికాళ్లకు మంట, నడుము కలుక్కుమనడం, కడుపులో మెలిపెట్టడం. ఇవన్నీ ఒకటి కావు. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్లు, కరెంటు షాకు కొట్టినట్లు అని చెబితే అది నరానికి సంబంధించినదేమోనని డాక్టరు ఆలోచిస్తారు. అటువంటి నొప్పికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు, వేరే మందులు ఉన్నాయి. కనుక "ఒళ్లంతా నొప్పులండీ" అని ఊరుకోకుండా, ఇంట్లో మాట్లాడుకునే మాటలతోనే వివరంగా చెప్పండి. ఎప్పుడు మొదలైంది, రాత్రి నిద్ర పడుతోందా, ఏ పని చేయలేకపోతున్నారు అన్నవి కూడా చెప్పండి.

1979లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నొప్పికి ఒక నిర్వచనం ఇచ్చింది. 2020లో దానిని సవరించింది. సవరణతో పాటు చేర్చిన వివరణలో రెండు మాటలు మనకు ముఖ్యం. తనకు నొప్పిగా ఉందని ఒక మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలి. నోటితో చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదనుకోకూడదు. పసిబిడ్డలు, పక్షవాతంతో మాట పడిపోయినవారు, మతిమరుపు వచ్చిన ముసలివారు ఈ రెండవ మాట కిందికి వస్తారు. ముఖం చిట్లించడం, తిండి మానేయడం, ముట్టుకుంటే చెయ్యి తోసేయడం వారి భాష.

నొప్పి లేకపోతే ఏమవుతుంది?

డాక్టర్ పాల్ బ్రాండ్ పేరు మిషను ఆసుపత్రుల పాత తరం వారికి బాగా తెలుసు. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ తల్లిదండ్రులకు పుట్టారు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు శస్త్రవైద్యుడుగా వచ్చారు. ఆ రోజులలో కుష్ఠు రోగుల వేళ్లు రోగం వల్లనే కుళ్లి రాలిపోతాయని లోకమంతా నమ్మేది. బ్రాండ్ గారు రోగులను దగ్గరగా గమనించి చూశారు. మాంసం కుళ్లడం లేదు. నరాలు దెబ్బతిని స్పర్శ పోవడం వల్ల కాలినా, కోసుకున్నా వారికి తెలియడం లేదు, ఆ గాయాలే వేళ్లను తినేస్తున్నాయి. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా మెలకువ రాలేదని తేలిన తర్వాత, ఇంటికి పంపే రోగులకు తలా ఒక పిల్లిని ఇచ్చి పంపేవారట!

తరువాత అమెరికాలో పనిచేస్తూ, స్పర్శ లేనివారి కోసం ఆయన బృందం ఒత్తిడిని కనిపెట్టి హెచ్చరించే చేతి తొడుగులు తయారు చేయడానికి ప్రయత్నించింది. అది ఫలించలేదు. హెచ్చరిక వచ్చినా పని ఆపడం ఇష్టం లేనప్పుడు మనుషులు దానిని లెక్కచేసేవారు కాదు. నిజమైన నొప్పికి ఉన్న బలవంతం దానికి లేకపోయింది.

2006లో వెలువడిన ఒక పరిశోధన ఈ సంగతినే మరొక వైపు నుండి చూపింది. ఉత్తర పాకిస్థాన్‌లో వీధి ప్రదర్శనలు ఇచ్చే ఒక బాలుడు చేతులలో కత్తులు దింపుకొనేవాడు, నిప్పుల మీద నడిచేవాడు. నొప్పి అంటే ఏమిటో పుట్టినప్పటి నుండీ అతనికి తెలియదు. పద్నాలుగేళ్లు నిండకముందే ఒక ఇంటి పైకప్పు మీద నుండి దూకి చనిపోయాడు. అతని బంధువర్గపు పిల్లలను పరీక్షించగా వారికి కూడా నొప్పి తెలియదనీ, నాలుకలు, పెదవులు కొరుక్కుని గాయపడి ఉన్నారనీ తేలింది. నరాలలో నొప్పి సంకేతాన్ని ముందుకు పంపే ఒక చిన్న సోడియం ద్వారం వారిలో జన్యులోపం వల్ల పనిచేయడం లేదు.

షుగరు వ్యాధి ఉన్న పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. చాలా సంవత్సరాలుగా షుగరు ఉన్నవారి పాదాలకు ఇదే ప్రమాదం. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. ప్రతి రాత్రి పడుకోబోయే ముందు రెండు పాదాలూ, వేళ్ల మధ్య కూడా చూసుకోండి. చూపు ఆనకపోతే మనవలను చూడమనండి. చెప్పులు వేసుకునే ముందు దులిపి వేసుకోండి. పాదంలో నొప్పి లేదు కనుక పుండు చిన్నదే అనుకోవడం చాలా ప్రమాదం.

మిరపకాయ నేర్పిన పాఠం

మిరపకాయ కొరికితే నోరు "కాలినట్లు" ఎందుకు అనిపిస్తుంది? నిజంగా అక్కడ వేడి లేదు కదా. 1997లో కాలిఫోర్నియాలోని డేవిడ్ జూలియస్ బృందం దీనికి జవాబు కనుగొన్నది. మిరపలోని ఘాటు పదార్థం పేరు క్యాప్సేసిన్. నరాల కొసలలో వేడిని గుర్తుపట్టే ఒక ద్వారం ఉంది. మామూలుగా అది సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే తెరుచుకుంటుంది. క్యాప్సేసిన్ అదే ద్వారాన్ని తెరుస్తుంది, మెదడు దానిని కాలడంగానే తీసుకుంటుంది. ఈ పనికి 2021లో ఆయనకూ, ఒత్తిడిని, స్పర్శను గుర్తుపట్టే ద్వారాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి నోబెల్ బహుమానం ఇచ్చారు. పక్షులలో ఆ ద్వారం క్యాప్సేసిన్‌కు తెరుచుకోదు. అందుకే చిలుక పండుమిరపకాయను హాయిగా తింటుంది.

ఇందులో వైద్యం ఎక్కడ ఉంది? ఆ ద్వారాన్ని మళ్లీ మళ్లీ తెరిపిస్తే నరపు కొస అలసిపోయి సంకేతం పంపడం తగ్గిస్తుంది. ఆ సూత్రం మీద క్యాప్సేసిన్ పూత మందు తయారైంది. కీళ్ల అరుగుదలకు, సర్పి తగ్గిన తర్వాత నిలిచిపోయే మంటకు వాడతారు. మొదటి రోజులలో మండుతుంది, రోజుకు నాలుగుసార్లు చొప్పున వారాల తరబడి రాస్తేనే గుణం కనబడుతుంది. దయచేసి ఇంట్లో మిరపకాయ నూరి మోకాళ్లకు పట్టు వేయకండి, చర్మం బొబ్బలెక్కుతుంది. గుంటూరు వైపు మిరప కోతలకు, తొడిమలు తీయడానికి వెళ్లే అక్కచెల్లెళ్లకు ఒక మాట. ఆ ఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులు మండితే ముందు వంటనూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోండి.

కొత్త మాత్ర

పాకిస్థాన్ పిల్లలలో చెడిపోయిన సోడియం ద్వారానికి తోడబుట్టినట్లుండే ఇంకొక ద్వారం ఉంది. దానిని మూసే మందు తయారు చేయడానికి కంపెనీలు చాలా కాలం కష్టపడ్డాయి. 2025 జనవరి 30న అమెరికా ప్రభుత్వం సుజెట్రిజిన్ అనే మాత్రకు అనుమతి ఇచ్చింది. ఇది మెదడు మీద కాక బయటి నరాల మీద పనిచేస్తుంది కనుక నల్లమందు జాతి మందులలాగా అలవాటు పడే భయం లేదని భావిస్తున్నారు. ఆపరేషన్ తర్వాత వచ్చే నొప్పి వంటి తాజా నొప్పికే ఆ అనుమతి.

పత్రికలు దీనిని గొప్పగా రాశాయి. అయితే పరీక్షల ఫలితాలు కొంచెం నిదానంగా చదవాలి. ఆపరేషన్ నొప్పికి అది ఉత్తుత్తి మాత్ర కంటె బాగా పనిచేసింది, కాని పాత నల్లమందు జాతి మాత్రను మించలేదు. 2024 డిసెంబరులో నడుము నుండి కాలికి దిగే సయాటికా నొప్పి మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. పది మార్కుల కొలతలో మందు తీసుకున్నవారికి సుమారు 2 మార్కులు తగ్గింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికి కూడా దాదాపు అంతే తగ్గింది!

ఉత్తుత్తి మాత్రతో నొప్పి తగ్గితే ఆ నొప్పి అబద్ధమని కాదు. కొంత తగ్గుదల కాలం గడవడం వల్ల వస్తుంది. మరికొంత మన మెదడే తయారు చేసుకుంటుంది. 1978లో పన్ను తీయించుకున్న రోగుల మీద చేసిన పరిశోధనలో, శరీరం తనలో తాను తయారు చేసుకునే మార్ఫిన్ వంటి పదార్థాలు ఈ ఉపశమనానికి కారణమని సూచనలు దొరికాయి. అంతకుముందు 1965లోనే మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, నొప్పి సంకేతం వెన్నుపాములో ఒక తలుపు దాటి పైకి వెళ్లాలనీ, ఆ తలుపును మూసే శక్తి స్పర్శకూ మెదడుకూ ఉన్నదనీ చెప్పారు. బిడ్డ మోకాలు కొట్టుకుంటే తల్లి గబుక్కున రుద్దుతుంది. ఆ రుద్దడంలో నిజంగానే వైద్యం ఉంది. భయం, దిగులు, నిద్రలేమి మాత్రం ఆ తలుపును బార్లా తెరుస్తాయి.

నడుము నొప్పి

ఇక అసలు విషయానికి వద్దాం. 2020లో ప్రపంచంలో సుమారు 62 కోట్ల మందికి నడుము నొప్పి ఉన్నదని అంచనా. మనిషిని పనికి దూరం చేసే కారణాలలో ఇదే మొదటిది. నాట్లు వేసేవారికి, బస్తాలు మోసేవారికి, కుర్చీలో రోజంతా కూర్చునే గుమాస్తాకు అందరికీ వస్తుంది.

నడుము పట్టేస్తే మన ఇళ్లలో చేసేది ఏమిటి? మంచం ఎక్కించడం, నొప్పి మాత్రలు మింగించడం, తగ్గకపోతే అప్పు చేసి స్కానింగు తీయించడం. ఈ మూడింటినీ పరిశోధకులు పరీక్షించారు.

ముందు స్కానింగు సంగతి. 2015లో 33 పరిశోధనలను కలిపి చూశారు. అందులో ఉన్నవారు 3,110 మంది, ఎవరికీ నడుము నొప్పి లేదు. అయినా స్కానింగులో 20 ఏళ్ల వారిలోనే నూటికి 37 మందికి డిస్క్ అరుగుదల కనబడింది. 50 ఏళ్ల వారిలో నూటికి 80, 80 ఏళ్ల వారిలో నూటికి 96! డిస్క్ ఉబ్బడం 50 ఏళ్ల వారిలో నూటికి 60 మందికి ఉంది. అంటే రిపోర్టులో "డిస్క్ బల్జ్" అని రాసి ఉన్నంత మాత్రాన మీ నొప్పికి అదే కారణమని చెప్పలేము. అది చాలావరకు నెరిసిన వెంట్రుక వంటిది. ఆ కాగితం చూసి భయపడి వంగడం, నడవడం మానేసినవారు ఎక్కువ నష్టపోతున్నారు.

మాత్రల సంగతి. 2014లో ఆస్ట్రేలియాలో 1,600 మందికి పైగా రోగుల మీద పారాసిటమాల్ పరీక్షించారు. కొత్తగా నడుము పట్టినవారు పారాసిటమాల్ వాడితే సగటున 17 రోజులలో కోలుకున్నారు. ఉత్తుత్తి మాత్ర వాడినవారు 16 రోజులలో కోలుకున్నారు. 2023లో అదే దేశంలో నల్లమందు జాతికి చెందిన బలమైన మాత్రను 347 మందిలో పరీక్షిస్తే, ఆరు వారాలకు అది కూడా ఉత్తుత్తి మాత్రను మించలేదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కొద్దిగా పనిచేస్తాయి, కాని వాటి ఖరీదు కడుపు, మూత్రపిండాలు, గుండె చెల్లిస్తాయి. కొద్ది రోజులు, అన్నం తిన్న తర్వాత, డాక్టరు చెప్పిన మోతాదులో అయితే సరే. బి.పి., షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణీలు తమంతట తాము అసలు వాడకూడదు. శ్రీకాకుళం ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకు మూల కారణం ఇంకా తేలలేదు. కాని అప్పటికే బలహీనపడిన కిడ్నీకి ఈ మాత్రలు ఇంకా చేటు చేస్తాయనడంలో సందేహం లేదు.

మరి ఏమి పనిచేస్తుంది? 2024లో వచ్చిన ఫలితం చూసి మేము కూడా సంతోషించాము, ఎందుకంటే ఇది పేదవారికి కూడా అందేది. అది నడక. నడుము నొప్పి వచ్చి తగ్గిన 701 మందిని తీసుకుని, సగం మందికి ఫిజియోథెరపిస్టు సలహాతో కొద్దికొద్దిగా పెంచుతూ వారానికి ఐదుసార్లు అరగంట చొప్పున నడిచే స్థాయికి తీసుకువచ్చే ప్రయత్నం చేశారు. నడవని గుంపులో మళ్లీ నొప్పి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 112 రోజులు. నడిచిన గుంపులో 208 రోజులు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పికి ఇచ్చిన సూచనలలో వ్యాయామం, రోగికి విషయం వివరించడం ఉన్నాయి. నడుము బెల్టులు, బరువులు కట్టి లాగడం, నల్లమందు జాతి మందులు మామూలుగా వాడవద్దని చెప్పింది. బెల్టు కొన్నవారు కోపగించుకోవద్దు. పెళ్లిపనుల వంటి రెండు రోజులకు పెట్టుకుంటే పెట్టుకోండి, దాని మీద ఆధారపడవద్దు.

అయితే కొన్ని గుర్తులు ఉంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. మూత్రం లేక మలం పట్టు తప్పడం, మూత్రం రాకపోవడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలు బలం తగ్గడం. ఇవి కనబడితే అదే రోజు ఆసుపత్రికి రండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నెముక క్షయ గాని, క్యాన్సర్ గాని కాదని తేల్చుకోవాలి. పెద్ద వయసులో పడిపోయిన తర్వాత వచ్చే నొప్పి కూడా చూపించుకోవాలి. ఇలాంటివారికి స్కానింగు తప్పనిసరి.

మార్ఫిన్ అంటే ఎందుకు భయం?

నడుము నొప్పికి వద్దన్న మందునే క్యాన్సర్ నొప్పికి కావాలంటున్నాము. ఇందులో విరోధం లేదు. క్యాన్సర్ ముదిరినవారి తీవ్రమైన నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ మాత్రకు సాటి వచ్చేవి తక్కువ, అది చవక కూడా. లండన్‌లో సిసిలీ సాండర్స్ గారు మొదట నర్సు, తరువాత సోషల్ వర్కరు, ఆ తరువాత డాక్టరు. ఆమె 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రమాన్ని స్థాపించి, నొప్పి వచ్చాక ఏడిపించి ఇవ్వడం కాదు, గడియారం చూసి నొప్పి రాకముందే ఇవ్వాలని నేర్పారు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పద్ధతిని అన్ని దేశాలకూ చెప్పింది.

మన దేశంలో 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం లైసెన్సులను అంత క్లిష్టం చేసింది, ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానుకున్నాయి. ఇంత పెద్ద దేశంలో వైద్యానికి వాడిన మార్ఫిన్ 1997లో 18 కిలోలకు పడిపోయింది. నల్లమందు పంట మన దేశంలోనే చట్టబద్ధంగా పండుతుంది, ఎగుమతి కూడా అవుతుంది! కేరళకు చెందిన డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్ వంటివారు ఎన్నో ఏళ్లు పోరాడగా 2014లో చట్టాన్ని సవరించారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది.

చట్టం మారినా ఇళ్లలో భయం మారలేదు. "మార్ఫిన్ రాశారంటే ఇక అయిపోయినట్లే" అని కొడుకులు మాత్రలు దాచేస్తారు. అది తప్పు. మార్ఫిన్ చావు చీటీ కాదు. నొప్పి తగ్గినవారు నిద్రపోతారు, తింటారు, మనవలతో మాట్లాడతారు. కొందరు లేచి ఆరాధనకు కూడా వస్తారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు పర్యవేక్షణలో వాడినప్పుడు వ్యసనంగా మారడం అరుదు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండవచ్చు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది కనుక విరేచనం మందు మొదటి రోజు నుండే కలిపి వాడాలి. మోతాదును మీ అంతట మీరు పెంచవద్దు, ఒక్కసారిగా ఆపవద్దు. మాత్రలను తాళం వేసి ఉంచండి. అమెరికాలో ఇదే జాతి మాత్రలను 1990లలో నడుము నొప్పులకు, కీళ్ల నొప్పులకు విచ్చలవిడిగా రాయడంతో మొదలైన అనర్థం వీధి మత్తుమందుల దాకా పోయింది. 2022లో ఒక్క ఏడాదిలో ఆ జాతి మందుల వల్ల అక్కడ 80 వేల మందికి పైగా చనిపోయారు. మన దగ్గర కూడా ట్రమడాల్ మాత్రను 2018లో ఈ చట్టం కిందికి తెచ్చారు.

నొప్పికి మందు అడగడం విశ్వాసం తక్కువ కావడమని అనుకునేవారు కొన్ని కుటుంబాలలో ఉన్నారు. బాధ తగ్గించడానికే మిషను ఆసుపత్రులు పుట్టాయని వారికి గుర్తు చేయాలి. సాండర్స్ గారు చెప్పినట్లు నొప్పిలో శరీర బాధతో పాటు మనసు దిగులు, అప్పుల బాధ, ఆత్మ వేదన కలిసి ఉంటాయి. మార్ఫిన్ మొదటిదానికే. మిగతావాటికి మంచం పక్కన కూర్చునే మనిషి కావాలి.

పాఠకులు అడిగే ప్రశ్నలు

మా ఊరిలో ఒక సూది వేస్తే మోకాళ్ల నొప్పులు మాయమవుతాయి. అది ఏమిటి?

ఇలాంటి సూదులలో చాలాసార్లు డైక్లోఫెనాక్‌తో పాటు స్టెరాయిడ్ ఉంటుంది. అందుకే అంత త్వరగా హాయిగా అనిపిస్తుంది. నెలకు రెండు మూడు చొప్పున ఏళ్ల తరబడి వేయించుకుంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి, ముఖం ఉబ్బుతుంది. ఇప్పటికే చాలా కాలంగా వాడుతున్నవారు చటుక్కున మానకుండా ముందు డాక్టరుకు చూపించండి. మోకాళ్లకు తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం ముఖ్యం.

జ్వరంతో ఒళ్లు నొప్పులు ఉంటే ఏ మాత్ర వేసుకోవచ్చు?

పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవారు రోజుకు 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది దాటకూడదు. జలుబు మాత్రలలో కూడా అదే మందు ఉంటుందని మరచిపోవద్దు. మద్యం అలవాటు ఉన్నవారికి ఇంకా తక్కువ చాలు. డెంగీ కాదని తేలేవరకు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, రక్తస్రావం కావచ్చు.

పసిబిడ్డలకు టీకా వేసినప్పుడు నొప్పి తెలుస్తుందా?

తెలుస్తుంది. 1980ల వరకు చాలామంది డాక్టర్లు కూడా తెలియదనే అనుకునేవారు. కొన్ని ఆపరేషన్లు కూడా సరైన నొప్పి మందు లేకుండానే చేసేవారు. 1987లో డాక్టర్ ఆనంద్, ఆయన సహచరులు నెలలు నిండని శిశువుల మీద చేసిన పరిశోధన, ఆపరేషన్ సమయంలో నొప్పి మందు ఇచ్చిన బిడ్డలు బాగా తట్టుకున్నారని చూపించి ఆ అభిప్రాయాన్ని మార్చింది. టీకాలప్పుడు బిడ్డ నొప్పి తగ్గించే పద్ధతులను 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు అదిమి పట్టుకోవద్దు. తల్లి ఒడిలోనే ఉంచుకోవాలి. సూదికి కొంచెం ముందు నుండే పాలు పట్టడం మొదలుపెట్టి, సూది వేసేటప్పుడు, వేసిన తర్వాత కూడా పట్టాలి. ఇంకా చిన్నగా పుట్టిన బిడ్డకు మడమ గుచ్చి రక్తం తీసేటప్పుడు తల్లి గుండెకు ఆనించి పెట్టుకుంటే ఏడుపు తగ్గుతుంది. మా టీకాల గదిలో పాలు పడుతూ ఉండగానే సూది వేయమని సిస్టర్‌ను మొహమాటం లేకుండా అడగండి.